చేపల తొట్టి ఫిల్టర్ మోత: 52 రోజుల డైరీ

1వ రోజు, శనివారం రాత్రి

నాలుగు రోజులుగా చేపల తొట్టి ఫిల్టర్ గరగరమంటోంది. పగలు టీవీ, మిక్సీ, వీధిలో హారన్ల మధ్య అది తెలియదు. రాత్రి పదింటికి దీపాలు ఆర్పేశాక మాత్రం ఇల్లంతా అదే వినిపిస్తుంది. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి నాన్నగారి మంచం హాల్లోనే వేశాం. ఆయన తలగడకూ తొట్టికీ మధ్య ఆరడుగుల దూరం. "పిండిమర పక్కన పడుకున్నట్టుందిరా" అన్నారు ఈ రాత్రి. ఆయన నోరు తెరిచి ఇబ్బంది చెప్పుకునే మనిషి కారు. ఆ మాట అన్నారంటే ఎన్ని రాత్రుల నుంచి ఓర్చుకుంటున్నారో.

తొట్టి వివరాలు రాసి పెట్టుకుంటున్నాను, తరువాత లెక్కలకు కావాలి. పొడవు మూడడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగున్నర. నిండా పోస్తే 127 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు 100 లీటర్లు. అందులో రెండు ఏంజెల్ చేపలు, ఎనిమిది విడో టెట్రాలు, అడుగున తిరిగే అయిదు కోరీలు. వాలిస్నేరియా, జావా ఫెర్న్ మొక్కలు. ఫిల్టర్ వెనక అద్దానికి తగిలించే రకం. కొని మూడేళ్లయింది.

"రాత్రికి ఆపేసి పొద్దున వేసుకుంటే సరిపోదా?" అని నాన్నగారు అడిగారు. ఆపకూడదని తెలిసి కూడా, ఆయన కళ్ల కింద నలుపు చూసి స్విచ్ ఆపేశాను.

2వ రోజు, ఆదివారం

తెల్లవారుజామున అయిదింటికి లేచి చూస్తే టెట్రాలు ఎనిమిదీ పైకి చేరి, మూతులు నీటి పైన పెట్టి గుటకలు వేస్తున్నాయి. ఏంజెల్‌ల మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నాయి. నీళ్లు 31 డిగ్రీలు. గుండె జారిపోయింది.

కారణం తెలియనిదేమీ కాదు. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు కరుగుతుంది. 31 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు దిగువే. పైగా చీకట్లో మొక్కలు కూడా చేపల్లాగే ప్రాణవాయువు తీసుకుంటాయి. పైనీటిని కదిలించేది ఫిల్టర్ ఒక్కటే, దాన్నే నేను ఆపాను.

హడావుడిగా స్విచ్ వేయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏడు గంటలు కదలకుండా ఉన్న ఫిల్టర్ పెట్టెలో నీళ్లు మురిగి ఉంటాయి. మూత తీస్తే కుళ్లిన వాసన ముక్కుకు తగిలింది. స్పాంజిలో కాపురముండే బాక్టీరియాకూ ప్రాణవాయువు కావాలి. చేపల మలమూత్రాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను అవే నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. నీటి పోత ఆగితే వాటికి ఊపిరాడదు. పెట్టెలో నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి, అప్పుడు స్విచ్ వేశాను. పావుగంటకు చేపలు కిందికి దిగాయి. ఒక్కటీ పోలేదు. ఇక ఎంత మోత వచ్చినా రాత్రి ఫిల్టర్ ఆపేది లేదు.

కాఫీ తాగి అసలు పనిలో దిగాను. మోత అని ఒకే మాట అంటాం కానీ, చెవి పెట్టి వింటే అందులో మూడు చప్పుళ్లున్నాయి. ఒకటి జలజల: ఎండలకు నీళ్లు ఇగిరి మట్టం రెండంగుళాలు దిగింది, పై నుంచి పడే ధారది ఆ చప్పుడు. రెండోది ఝుమ్మనే సన్నటి రొద, అద్దం మీద వేలు పెడితే చర్మానికి తెలుస్తుంది. మూడోది గరగర, అసలు దొంగ అదే.

మొదటిదానికి మందు చవక. తొట్టిని అంచు దాకా నింపాను. జలజల మాయమైంది. రెండోదానికి పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి, ఫిల్టర్ అద్దానికి ఆనే రెండు చోట్లా దూర్చాను. మోటారు అదురు అద్దానికి పాకకుండా రబ్బరు పట్టుకుంది. మూడడుగుల అద్దం వీణ బుర్ర లాంటిది, చిన్న అదురును కూడా పెద్దది చేసి వినిపిస్తుంది.

మూడోదాని కోసం వంటింట్లోంచి చెక్క గరిటె తెచ్చాను. దాని కాడ ఫిల్టర్ శరీరానికి ఆనించి, గుండ్రటి కొసను చెవికి పెట్టుకోవాలి. మోటారు మెకానిక్‌లు స్క్రూడ్రైవర్‌తో చేసే పనే ఇది. మూత దగ్గర ఏమీ లేదు. నీళ్లు పీల్చే గొట్టం దగ్గర కొంచెం. అడుగున ఇంపెల్లర్ తిరిగే గూటి దగ్గర పెట్టగానే చెవిలో కంకర కొట్టినట్టు వినిపించింది.

ప్లగ్గు పీకి గూడు తెరిచాను. ఇంపెల్లర్ అంటే ఒక స్తంభం ఆకారపు అయస్కాంతం, దాని తలపై నాలుగు రెక్కలు, మధ్యలో అగ్గిపుల్లంత ఇరుసు. మోటారు చుట్టలు ప్లాస్టిక్‌లో మూసి ఉంటాయి, వాటికీ అయస్కాంతానికీ మధ్య తీగ సంబంధమేమీ లేదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చి తిరిగి మొదటికి వస్తుంది, దాని వెంటే అయస్కాంతమూ సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. అంటే నిమిషానికి 3,000. రోజుకు 43 లక్షల 20 వేలు. మూడేళ్లకు లెక్కేస్తే 470 కోట్లు దాటింది. ఆ అంకె కాగితం మీద చూశాక ఈ చిన్న ఇరుసు మీద నాకు గౌరవం కలిగింది.

గూట్లో దొరికినవి: నల్లటి జిగురు, గోరంత కూడా లేని నత్త గుల్ల, రెండు ఇసుక రేణువులు. అయస్కాంతం చుట్టూ తెల్లటి పొర. మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంటు సంపులో మంజీరా నీళ్లూ బోరు నీళ్లూ కలుస్తాయి. ఎండాకాలంలో బోరు పాలు ఎక్కువ. కుళాయిల మీద, గీజరులో పేరుకునే సున్నమే ఇక్కడా పేరుకుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఒక చెంచా గోరువెచ్చని నీళ్లలో కలిపి ఇంపెల్లర్‌ను అరగంట నానబెట్టాను. సన్నగా బుడగలు లేచి పొర కరిగింది. పాత టూత్‌బ్రష్‌తో అయస్కాంతాన్ని, దూది పుల్లతో గూటి అడుగును తుడిచి, బాగా కడిగి బిగించాను.

నాన్నగారు కుర్చీలోంచి చూస్తూ, "రెండు చుక్కలు కొబ్బరి నూనె వెయ్యరాదూ, మీ అమ్మ కుట్టు మిషనుకు వేసేది" అన్నారు. కుట్టు మిషనుకు అది మేలే. ఇక్కడ మాత్రం ఇరుసుకు నీళ్లే కందెన. నూనె వేస్తే తొట్టి పైన తెట్టులా పరుచుకుని గాలి నీళ్లలో కలవకుండా అడ్డుపడుతుంది. ఆ మాట చెబితే శ్రద్ధగా విని, "అయితే దానికి నీళ్లు తగ్గితే ఇరుసు ఒట్టిదే తిరుగుతుందన్నమాట" అన్నారు. ఆ మాట నా బుర్రలో గుచ్చుకుంది. ఈ నెలలో మూడుసార్లు కరెంటు పోయి వచ్చింది. నీటి మట్టం దిగి ఉన్నప్పుడు ఈ రకం ఫిల్టర్ నీళ్లు అందుకోలేక ఒట్టిగా తిరుగుతుంది. ఒకసారి నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అలాగే గిలగిలలాడుతోంది.

రాత్రి పదిన్నరకు ఫోనులో ధ్వని కొలిచే యాప్‌తో చూశాను. నాన్నగారి తలగడ దగ్గర నిన్న 47 డెసిబెళ్లు, ఇవాళ 38. ఫోను కొలత కచ్చితమని అనను, తేడా తెలియడానికి చాలు.

6వ రోజు, గురువారం

గరగర మళ్లీ మొదలైంది. తలగడ దగ్గర 44.

ఈసారి ఇంపెల్లర్‌ను కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. శుభ్రంగానే ఉంది. ఇరుసును వేళ్ల మధ్య తిప్పితే ఒకవైపు గోటికి గాడి తగిలింది. అయస్కాంతం మధ్య రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. ఇరుసు ఎక్కించి ఊపితే టకటక కొట్టుకుంటోంది. ఇది మురికి కాదు, అరుగుదల. కడిగితే పోయేది కాదు.

7వ రోజు

ఇంపెల్లర్ ఒక్కటే మార్చగలిగితే ఫిల్టర్ ఇంకో రెండేళ్లు పని చేసేది. మూడు దుకాణాలు తిరిగాను. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదట. ఒకచోట దగ్గరి సైజుది ఇచ్చారు, పెట్టి చూస్తే రెక్కలు గూటికి రాసుకుంటున్నాయి, తిరిగి ఇచ్చేశాను. కొత్త ఫిల్టర్ తప్పదు. కొనేది ఏదైనా సరే, దాని ఇంపెల్లర్, ఇరుసు, వాషర్లు విడిగా దొరికితేనే కొంటాను.

8వ రోజు, శనివారం

ఆఫీసు సెలవు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మళ్లీ వెనక తగిలించే రకమే కొంటే చవక, మీడియా (నీళ్లను శుభ్రం చేసే స్పాంజి, సిరామిక్ రింగులు) మార్చడం తేలిక. కానీ మా ఇంట్లో దాని రెండు లోపాలూ పోవు. మట్టం దిగితే ధార చప్పుడు, కరెంటు పోయి వస్తే ఒట్టి తిరుగుడు. రోజూ నీళ్లు నింపే ఓపిక ఎండాకాలమంతా ఉంటుందా?

నీళ్లలో ముంచి పెట్టే పవర్ ఫిల్టర్‌ను చుట్టూ ఉన్న నీళ్లే కాస్త మూగను చేస్తాయి. కానీ దాన్ని అద్దానికి అతికించే రబ్బరు కప్పులు ఏడాదికి గట్టిపడి, అదురును నేరుగా అద్దానికి అప్పగిస్తాయి. స్పాంజి కూడా మరీ చిన్నది. నా లెక్కలో స్పాంజి ఎంత పెద్దదైతే ఫిల్టర్ అంత మంచిది.

ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ అంటే నాకు ఎప్పటి నుంచో ఇష్టం. అరగడానికి నీళ్లలో తిరిగేదేదీ లేదు. గొట్టంలోంచి పైకి లేచే బుడగలు తమ వెంట నీళ్లను లాక్కెళ్తాయి, ఆ ఖాళీని నింపడానికి నీళ్లు స్పాంజిలోంచి వస్తాయి. గుప్పీ పిల్లలున్న తొట్టికి దీన్ని మించింది లేదు. అయితే పంపులోని రబ్బరు పొర సెకనుకు 50 సార్లు కొట్టుకుంటూ రొద చేస్తుంది, పైన బుడబుడ. పడుకునే మనిషికి ఆరడుగుల దూరంలో పెట్టలేను.

ఇక కానిస్టర్. మూత బిగించిన బకెట్ లాంటిది స్టాండు కింద అరలో కూర్చుంటుంది. ఒక పైపులో నీళ్లు దిగుతాయి, మీడియా గుండా పోయి, ఇంకో పైపులో పైకి వస్తాయి. మోటారు అద్దానికి దూరంగా, చెక్క తలుపు వెనక ఉంటుంది. స్పాంజికీ రింగులకూ బోలెడంత చోటు. ఖరీదు ఎక్కువ, కారితే హాల్లో వరద. ఆ రెండింటినీ తూచుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

"కింది అర నుంచి మూడడుగుల ఎత్తుకు నీళ్లు తోయాలి, చిన్న మోటారు చాలదు" అని దుకాణంలో ఒకాయన అన్నారు. అది నిజం కాదు. రెండు పైపులూ ఒకే తొట్టిలో మునిగి ఉన్నప్పుడు దిగే నీటి బరువు ఎక్కే నీటి బరువును సరిచేస్తుంది, త్రాసు పళ్లేల్లాగా. మోటారు తోయాల్సింది పైపుల, మీడియా రాపిడినే. పెట్టె మీద రాసే అంకె మాత్రం మీడియా లేకుండా కొలిచింది. 100 లీటర్ల తొట్టికి గంటకు నాలుగైదు సార్లు నీళ్లు తిరగాలంటే నిజంగా 400 నుంచి 500 లీటర్లు రావాలి. పెట్టె మీద 1,000 ఉన్నది చూసుకోవాలి.

కానిస్టరే. దానికి తోడు ఒక చిన్న స్పాంజి ఫిల్టర్, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడిచేట్టు. మొన్నటి తెల్లవారుజాము చూశాక రెండోది లేకుండా ఉండలేను.

9వ రోజు, ఆదివారం

దుకాణం ఆయనను బకెట్లో పెట్టి నడిపి చూపించమన్నాను. "సార్, సీలు తీస్తే మీరు కొనాల్సిందే" అన్నారు. "నడిచి చప్పుడు చేయకపోతే కొంటాను, చేస్తే ఇంకోటి తెరవండి" అన్నాను. నవ్వి ఒప్పుకున్నారు. ఒకదాన్ని తిప్పగానే గలగలమంది. గాలి పోయేదాకా ఆగాలని తెలుసు కనుక, డబ్బాను అటూ ఇటూ వంచి పది నిమిషాలు చూశాం. అయినా తగ్గలేదు. రెండోది అయిదు నిమిషాలకే మూగబోయింది. 15 వాట్లు, గంటకు 1,000 లీటర్లని పెట్టె మీద ఉంది. ఒక ఇంపెల్లర్ సెట్టు, మూత సందులోంచి నీళ్లు కారకుండా ఆపే రబ్బరు చుట్టు (ఓ-రింగ్) అదనంగా తీసుకున్నాను. స్పాంజి ఫిల్టర్, ఎయిర్ పంపుతో సహా మొత్తం 5,400 రూపాయలు.

రాత్రి బాత్రూములో బకెట్ నీళ్లతో నడిపి, కింద పాత దినపత్రిక పరిచాను. కారితే కాగితం చెబుతుంది.

10వ రోజు, సోమవారం సాయంత్రం

కాగితం పొడిగా ఉంది.

గొట్టాలు గట్టివి, మూతికి ఎక్కవు. కొసలను వేడినీళ్లలో ఒక నిమిషం ముంచితే మెత్తబడి వెన్నలా దిగాయి. గొట్టం పొడవుగా వదిలేస్తే మధ్యలో వేలాడి గాలి నిలుస్తుంది, అదే తరువాత గలగల అవుతుంది. కొలిచి కోశాను. ఓ-రింగ్‌కు దుకాణంలో ఇచ్చిన సిలికాన్ గ్రీజు పలుచగా రాశాను. ప్లగ్గు తీగను సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేట్టు పెట్టాను. గొట్టం చెమ్మగిల్లి చుక్క జారినా ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, సాకెట్లోకి పోదు.

అసలు పని మీడియాది. పాత ఫిల్టర్‌లో మూడేళ్లుగా గోధుమరంగు పట్టిన స్పాంజి, గుప్పెడు సిరామిక్ రింగులు ఉన్నాయి. చూడటానికి మురికి. నాకు మాత్రం ఆ తొట్టిలో అన్నిటికన్నా విలువైనవి అవే. పాడైంది మోటారు, బాక్టీరియా కాదు. వాటిని కుళాయి కింద కడిగితే మంజీరా నీళ్లలోని క్లోరిన్ ఆ బాక్టీరియాను చంపుతుంది. తొట్టి నీళ్లు తీసిన గిన్నెలోకి మార్చి, గిన్నెలోంచి నేరుగా కానిస్టర్ బుట్టలోకి వేశాను. బయట ఉన్నది రెండు నిమిషాలు. ఇందులో నీళ్లు అడుగు నుంచి పైకి వస్తాయి కనుక అడుగు బుట్టలో ముతక స్పాంజి, మధ్య బుట్టలో పాత రింగులు, పాత స్పాంజి, కొన్ని కొత్త రింగులు, పైన పలుచని దూది. పెట్టెతో వచ్చిన బొగ్గు సంచి పక్కన పెట్టాను. మందులు వాడిన తరువాత నీళ్లలోంచి వాటిని తీయడానికి పనికొస్తుంది, ఇప్పుడు అది ఆక్రమించే చోటు రింగులకు కావాలి.

స్విచ్ వేశాక ఒక గంట బుడగల ఉక్కిరిబిక్కిరి. డబ్బాను అరగంటకోసారి వంచుతూ కూర్చున్నాను. నీళ్లు వదిలే గొట్టం కింద అయిదు లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూస్తే 32 సెకన్లకు నిండింది. అంటే గంటకు 560 లీటర్లు. పెట్టె మీది అంకెలో సగం కన్నా కొంచెం ఎక్కువ. చాలు.

రాత్రి పదకొండింటికి తలగడ దగ్గర 34. అన్నీ ఆపినప్పుడు ఆ గదిలో వచ్చే అంకె 33.

11 నుంచి 19వ రోజు

రోజూ పరీక్ష. మా నీళ్ల పీహెచ్ 7.8. పీహెచ్ పెరిగే కొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది, అందుకే ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు. మేత రోజు విడిచి రోజు, అదీ సగమే. 11వ రోజు అమ్మోనియా లీటరుకు 0 మిల్లీగ్రాములు. 13వ రోజు పరీక్ష సీసాలో రంగు కొంచెం ఆకుపచ్చకు తిరిగింది, 0.25. పాతిక లీటర్ల నీళ్లు మార్చాను, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి. 14న మళ్లీ 0.25. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. 15న 0. అక్కడి నుంచి అమ్మోనియా, నైట్రైట్ రెండూ 0 లోనే ఉన్నాయి.

12వ రోజు పొద్దున నాన్నగారు చెప్పారు, రాత్రి రెండింటికి లేచి టార్చి వేసి చూశారట, ఫిల్టర్ ఆగిపోయిందేమోనని. ఆకు కదులుతుంటే చూసి పడుకున్నారట.

24వ రోజు

పెద్ద ఏంజెల్ ఒక మూలకు చేరి రెక్కలు ముడుచుకుంటోంది. వెలుపలికి వచ్చే నీటి తోపు దానికి నేరుగా తగులుతోంది. నిలువుగా, పలుచగా ఉండే ఈ చేపలకు నిదానంగా పారే నీళ్లే అలవాటు. నీళ్లు చిమ్మే చిల్లుల గొట్టాన్ని వెనక అద్దం వైపు, కొంచెం పైకి తిప్పాను. పైన అల ఆడుతోంది, ధార మాత్రం పడటం లేదు. ప్రాణవాయువుకు అల కావాలి, నిద్రకు ధార ఉండకూడదు. ఆ రెంటికీ మధ్య చోటు దొరకడానికి గొట్టాన్ని ఏడెనిమిదిసార్లు తిప్పాల్సి వచ్చింది. సాయంత్రానికి ఏంజెల్ మధ్యలోకి వచ్చింది.

52వ రోజు

బకెట్ 41 సెకన్లకు నిండుతోంది. పైన దూది మూసుకుపోయి ఉంటుందని తెరిచాను. కానిస్టర్ గొట్టాలకున్న కుళాయిలు రెండూ మూసి, గొట్టాలు విప్పి, డబ్బాను బాత్రూముకు మోసుకెళ్లాను. దూది పారేసి కొత్తది పెట్టాను. ముతక స్పాంజిని తొట్టి నీళ్ల బకెట్లో పిండాను, చిక్కటి కషాయంలా దిగింది. రింగులను ముట్టుకోలేదు. ఇంపెల్లర్ మీద అప్పుడే సన్నటి తెల్లటి పొర, గోటితో గీస్తే వచ్చింది. నిమ్మ ఉప్పులో పావుగంట పెట్టాను. ఇరుసు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పాను, నునుపుగానే ఉంది. ఇక నుంచి ఆరు వారాలకోసారి ఇదే వరుస.

మళ్లీ బిగించాక గరిటె తెచ్చి డబ్బాకు ఆనించి విన్నాను. సన్నటి ఝంకారం తప్ప మరేమీ లేదు. బకెట్ 32 సెకన్లకు వచ్చింది. స్పాంజి పిండిన నీళ్లు నాన్నగారు పారబోయనివ్వలేదు. కర్ర పట్టుకుని బాల్కనీ దాకా నడిచి వచ్చి, చెంబుతో కొంచెం కొంచెంగా కరివేపాకు కుండీలో పోశారు.